పౌరాణికమా, జానపదమా?

మా నాయనమ్మకు 87 ఏళ్లు. పోయిన ఏడాది స్నానాల గదిలో జారిపడింది. కాలు విరిగింది. రెండు నెలలు మంచం మీదే ఉంది. మేం పనుల నుంచి వచ్చేసరికి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మాయ్, నాకొక సినిమా చూపిస్తావా?"

"ఏ సినిమా, నాయనమ్మా?"

"పేరు గుర్తు లేదు. పక్కింటివాళ్లు ఇండియా నుంచి క్యాసెట్ తెస్తే అందరం కూర్చుని చూశాం. అందులో గడ్డం మాంత్రికుడు ఉంటాడు. తోటమాలి కొడుకు ఉంటాడు. గుహలో అమ్మవారు ఉంటుంది. బలి ఇద్దామని తెచ్చినవాడే బలి అయిపోతాడు. అది చూడాలి నాకు."

మారిషస్‌లో పుట్టిన మా తరం వాళ్లు తెలుగు బడిలో నేర్చుకున్నారు. నేనూ అంతే. తర్వాత తెలుగు చెప్పే పనిలో చేరాను. పాఠ్యపుస్తకాలు నాకు బాగా తెలుసు. పాత సినిమాలు మాత్రం తెలియవు. నేను చూసినవన్నీ కొత్తవి, రంగుల్లో ఉన్నవి, కింద అనువాదం ఉన్నవి. నాయనమ్మ చెప్పిన గుర్తులు విని నాకు ఒక్క పేరూ తట్టలేదు.

శనివారం తరగతిలో 12 మంది పిల్లలున్నారు. ఇంట్లో క్రియోల్, టీవీలో ఫ్రెంచ్, పరీక్షల్లో ఇంగ్లీషు, వారానికి ఒకసారి నా దగ్గర తెలుగు. వాళ్లకు ఈ సంగతి చెప్పాను. వెనక బల్ల మీద కూర్చున్న అబ్బాయి ఫోన్ తీసి, "ఐదు నిమిషాల పని, మిస్" అన్నాడు.

మాకు మూడు వారాలు పట్టింది.

మేం ఎలా వెతికాం

ఇంటర్నెట్‌లో సినిమాల డేటాబేస్‌లు మీరు చూసే ఉంటారు. ప్రతి సినిమాకూ ఒక పేజీ ఉంటుంది. అందులో నటుల పేర్లు, దర్శకుడి పేరు, సంవత్సరం ఉంటాయి. వీటిలో గొడవ తక్కువ. ఆ తర్వాత మూడు రకాల మాటలు ఉంటాయి. అసలు చిక్కంతా వీటిలోనే ఉంది.

మొదటిది జానర్, అంటే సినిమా రకం. యాక్షన్, కామెడీ, డ్రామా లాంటివి. ఈ పట్టిక చిన్నది. డేటాబేస్ నడిపేవాళ్లు ముందే ఖాయం చేసి పెడతారు. అందులో ఉన్నదాన్ని ఎంచుకోవాలి కానీ కొత్తది చేర్చడానికి మనకు వీలుండదు.

రెండోది సబ్‌జానర్, అంటే ఉపరకం. డ్రామాలో కోర్టు డ్రామా, కామెడీలో ప్రేమ కామెడీ లాంటివి.

మూడోది కీవర్డ్. తెలుగులో కీలక పదం అనవచ్చు. కథలో ఏముందో చెప్పే మాట ఇది. గుహ, రైలు, కవలలు, పగ, ఇలా ఏదైనా కావచ్చు. ఇవి వేలల్లో ఉంటాయి. చాలాచోట్ల వీటిని చూసేవాళ్లే చేరుస్తారు.

పిల్లలు భాష దగ్గర తెలుగు అని ఎంచుకున్నారు. రకం దగ్గర ఫాంటసీ అని పెట్టారు. కీలక పదం దగ్గర మెజీషియన్ అని కొట్టారు. టోపీలోంచి కుందేలును తీసేవాడి సినిమాలు వచ్చాయి. ఇంగ్లీషులో మెజీషియన్ అంటే గారడీ చేసేవాడూ కావచ్చు, మంత్రాలు చదివేవాడూ కావచ్చు. తెలుగులో వీళ్లిద్దరూ వేరు. ఒకడు గారడీవాడు, ఇంకొకడు మాంత్రికుడు. గారడీవాడికి మనం చప్పట్లు కొడతాం. మాంత్రికుణ్ణి చూసి భయపడతాం.

తర్వాత గార్డెనర్ అని కొట్టారు. తోటలో పాటలున్న సినిమాలు వచ్చాయి. బలి అని కొట్టాలంటే ఇంగ్లీషులో శాక్రిఫైస్ అనాలి. ఆ మాటకు బలి అనే అర్థం ఉంది, త్యాగం అనే అర్థమూ ఉంది. దాంతో కొడుకు కోసం అన్నీ వదులుకున్న తల్లుల కథలు వరసగా వచ్చిపడ్డాయి.

ఇంకో సంగతి కూడా మెల్లగా అర్థమైంది. కొత్త సినిమా పేజీలో కీలక పదాలు పదుల్లో ఉన్నాయి. 1950ల నాటి తెలుగు సినిమా పేజీలో రెండో మూడో ఉన్నాయి, కొన్నిటికి ఒక్కటీ లేదు. కారణం తేలికే. వాటిని చేర్చేది చూసినవాళ్లు. ఆ పాత సినిమాలను థియేటర్లో చూసినవాళ్లు ఇప్పుడు మా నాయనమ్మ వయసువాళ్లు. వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని కీలక పదాలు కొట్టరు. కథ వాళ్ల తలలో ఉంది, పేజీ మాత్రం ఖాళీగా ఉంది.

గుడి మెట్ల మీద అడిగిన ప్రశ్న

మూడో వారం గుడిలో రామభజన అయ్యాక ప్రసాదం తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన ఉన్నారు. కుర్రతనంలో చదువు కోసం మద్రాసు వెళ్లి కొన్నేళ్లు అక్కడున్నారు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలు తయారైంది మద్రాసులోనే. మా వెతుకులాట గురించి ఆయనకు చెప్పాను. ఆయన మాంత్రికుడి గురించి అడగలేదు. గుహ గురించీ అడగలేదు.

"పౌరాణికమా, జానపదమా?" అన్నారు.

నాకు తేడా తెలియక, "అమ్మవారు ఉంటుందట, తాతగారూ" అన్నాను.

"అమ్మవారు రెండిట్లోనూ ఉంటుందమ్మా. కథ పురాణంలోదా, కాదా?"

తోటమాలి కొడుకు, మాంత్రికుడు. రామాయణంలో లేరు, భారతంలో లేరు, భాగవతంలోనూ లేరు. "కాదు" అన్నాను.

"అయితే జానపదం. తోటమాలి కొడుకంటే తోట రాముడే. పాతాళ భైరవి. మీ నాయనమ్మకు నా నమస్కారాలు చెప్పు."

12 ఫోన్లు, మూడు వారాలు చేయలేని పని ఒక్క ప్రశ్నతో అయిపోయింది. ఆయనకు జ్ఞాపకశక్తి ఉంది, నిజమే. కానీ దానికి ముందు ఆయన దగ్గర సరైన మాట ఉంది. ఆ మాట డేటాబేస్‌లో లేదు. నా దగ్గరా లేదు.

నాలుగు పాత పేర్లు

ఆ రోజు తాతగారు నాకు నాలుగు మాటలు చెప్పారు. పాత తెలుగు పత్రికలు సినిమాలను ఈ పేర్లతోనే విడదీసేవట. ఇవి మీరూ నేర్చుకోవచ్చు.

పౌరాణికం: పురాణం నుంచి వచ్చిన మాట. రామాయణ, భారత, భాగవత కథలతో తీసిన సినిమా. తెలుగులో మొదటి టాకీ, 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద పౌరాణికమే. 1963 నాటి లవకుశ కూడా ఇదే రకం.

జానపదం: జనపదం అంటే పల్లె ప్రాంతం, జనం ఉండే చోటు. జనం చెప్పుకునే కథలు జానపద కథలు. సినిమాల్లో జానపదం అంటే రాజులు, రాకుమారులు, కత్తియుద్ధాలు, మాయలు, మాంత్రికులు. 1951లో కె.వి. రెడ్డి తీసిన పాతాళ భైరవి దీనికి పెద్ద ఉదాహరణ. కాశీ మజిలీ కథల నుంచి తీసుకున్న కథ అది. బి. విఠలాచార్య ఇలాంటి సినిమాలు ఎన్నో తీశారు. ఆయన్ని జానపద బ్రహ్మ అనేవారు.

చారిత్రకం: చరిత్రలో జరిగిన కథ. 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం చారిత్రకం. అసలు యుద్ధం జరిగింది 1757లో. మన పూర్వీకుల్లో చాలామంది ఆ ఉత్తరాంధ్ర వైపు నుంచే వచ్చారు.

సాంఘికం: సంఘం అంటే సమాజం. మామూలు మనుషుల కథ సాంఘికం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల అంటరానితనం మీద తీసిన సినిమా. మరుసటి ఏడాది ఆయనే తీసిన రైతుబిడ్డ జమీందారుల కింద నలిగే రైతుల గురించి. రెండూ సాంఘికాలే.

ఇప్పుడు వీటిని డేటాబేస్ గడుల్లో పెట్టి చూడండి. పౌరాణికం ఫాంటసీ అవుతుంది. జానపదమూ ఫాంటసీయే అవుతుంది. తాతగారి ప్రశ్న విడదీసిన రెండూ ఒకే గడిలో కలిసిపోతాయి. సాంఘికం డ్రామా అవుతుంది. పైగా తెలుగులో డ్రామా అంటే రంగస్థలం మీద ఆడే నాటకం. ఎవరైనా నటిస్తూ మోసం చేస్తుంటే కూడా డ్రామాలాడుతున్నారంటాం. అంటరానితనం గురించిన సినిమా పక్కన డ్రామా అని చదివిన తెలుగు విద్యార్థికి ఏమని అర్థం కావాలి?

జానపదాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఫోక్ అని కొడితే ఇంకో తమాషా. పాటల సినిమాలు వస్తాయి. జానపద గేయం వేరు, జానపద చిత్రం వేరు. మాట ఒకటే, వాడే చోటు మారితే అర్థం మారుతుంది.

ప్రతి పట్టికకూ ఒక పుట్టిల్లు

నేను కోపంగా ఉన్నానని అనుకోకండి. ఈ డేటాబేస్‌లు మనల్ని చిన్నబుచ్చడానికి పుట్టలేదు. అందరికీ తెలిసిన ఐఎండీబీ 1990లో కొందరు సినిమా అభిమానులు ఇంటర్నెట్‌లో పంచుకున్న జాబితాలతో మొదలైంది. 1998లో దాన్ని అమెజాన్ కొన్నది. మొదటి జాబితాలు రాసినవాళ్లు తాము చూసిన సినిమాల గురించి రాశారు. మనమైనా అదే చేస్తాం.

కానీ ఆ పుట్టిల్లు పట్టికలో కనిపిస్తుంది. టీఎండీబీ అనే మరో డేటాబేస్‌లో సినిమాలకు 19 రకాలున్నాయి. అందులో వెస్టర్న్ ఉంది. గుర్రాలు, టోపీలు, తుపాకులు ఉన్న అమెరికా పశ్చిమ ప్రాంతపు కథలన్నమాట. పౌరాణికం లేదు. 1971లో కృష్ణ నటించిన మోసగాళ్లకు మోసగాడు అనే కౌబాయ్ సినిమాను తీసుకోండి. అది తెలుగు సినిమాయే అయినా అమెరికా గడిలో హాయిగా కూర్చుంటుంది. లవకుశకు మాత్రం కూర్చునే చోటు లేదు.

ఫాంటసీ అంటే తప్పేమిటి అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఫాంటసీ అంటే ఊహ, కల్పన. మా నాయనమ్మ ప్రతి శనివారం దీపం పెట్టి రాముణ్ణి తలుచుకుంటుంది. ఆమె ముందు కూర్చుని, "రాముడి కథ ఫాంటసీ రకం, నాయనమ్మా" అని నేను చెప్పలేను. నేను నమ్ముతానా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పౌరాణికం అనే మాటలో నిజమా అబద్ధమా అన్న తీర్పు లేదు. కథ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే చెబుతుంది. ఫాంటసీ అనే మాట తీర్పు కూడా చెప్పేస్తుంది.

మాయాబజార్‌లో కజిన్లు

పాతాళ భైరవి దొరికిన ఉత్సాహంలో, తర్వాతి తరగతిలో 1957 నాటి మాయాబజార్ తీసుకున్నాం. అదీ కె.వి. రెడ్డి తీసిందే. ఈసారి పని తిరగేశాను. ముందు సినిమా చూశాం, తర్వాత కీలక పదాలు మేమే రాశాం.

మొదటి మాట దగ్గరే తగాదా వచ్చింది. ఒకరు మహాభారతం అని రాశారు. కథలో కృష్ణుడు, బలరాముడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు ఉన్నారు. కానీ అభిమన్యుడు, శశిరేఖల పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేదు. అందులో అభిమన్యుడి భార్య ఉత్తర. ఈ సినిమాలో పాండవులు ఒక్కసారైనా కనిపించరు. మరి మహాభారతం అనే మాట సరైనదా, కాదా? సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. చివరికి రెండు మాటలు రాశాం: "భారతంలోని మనుషులు", "జనం అల్లుకున్న కథ". ఒక్క మాటతో అయ్యే పని కాదది.

రెండో తగాదా పెద్దది. ఒక అబ్బాయి డేటాబేస్ చూసి, "మిస్, ఇక్కడ కజిన్ల ప్రేమ అని ఉంది. వాళ్లు కజిన్లా? కజిన్‌ను పెళ్లి చేసుకుంటారా?" అన్నాడు. తరగతంతా ముఖాలు చిట్లించింది.

ఆ కీలక పదం అబద్ధం కాదు. శశిరేఖ బలరాముడి కూతురు. అభిమన్యుడు బలరాముడి చెల్లెలు సుభద్ర కొడుకు. కానీ కజిన్ అనే ఒక్క మాట తెలుగులో ఉన్న ఒక పెద్ద గోడను పడగొట్టేసింది. నల్లబల్ల మీద గీసి చూపించాను. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. వాళ్లతో పెళ్లి మాట ఎత్తకూడదు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు అయితే బావ, మరదలు, వదిన, బావమరిది. తెలుగువాళ్లలో చాలా కుటుంబాలు ఈ రెండో వరసలో పెళ్లిళ్లు చేసుకున్నాయి. దాన్ని మేనరికం అంటారు. ఈ రోజుల్లో డాక్టర్లు వద్దంటున్నారు, జనం కూడా తగ్గించుకుంటున్నారు. అది వేరే సంగతి. కథ అర్థం కావాలంటే మాత్రం ఈ తేడా తెలియాలి. మేనరికం తెలియకపోతే బలరాముడు మాట తప్పడం ఎంత పెద్ద విషయమో తెలియదు. మేనల్లుడికి ఇస్తానన్న పిల్లను వేరేవాళ్లకు ఇవ్వబోయాడు. అందుకే సుభద్రకు అంత కోపం.

"అయితే కజిన్ అని కాకుండా మేనరికం అని రాయాలి" అన్నాడు అదే అబ్బాయి. ఆ రోజు నేను పాఠం చెప్పినట్టే. ఒక కీలక పదం తప్పయితే సినిమా దొరకదు. మరీ వెడల్పయితే సినిమా దొరుకుతుంది కానీ అర్థం దొరకదు.

రిజిస్టర్‌లో మన పేర్లు

ఇంతకీ ఒక సినిమా మీద ఏ మాట రాస్తే మనకెందుకు? వెళ్లి చూడవచ్చు కదా? మనకు ఎందుకంటే, గడుల్లో రాసిన మాటలు ఏం చేస్తాయో మన కుటుంబాలకు తెలుసు.

1834 నుంచి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది ఒప్పందం మీద పనిచేయడానికి మారిషస్‌కు వచ్చారు. పోర్ట్ లూయీ రేవులో దిగినవాళ్లను గుమాస్తాలు రిజిస్టర్లలో రాశారు. ఒక్కొక్కరికి ఒక నంబరు. పేరు, ఊరు, కులం, ఎత్తు, వంటి మీద మచ్చలు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. గుమాస్తాకు తెలుగు రాదు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. నాయుడు అనే పేరు ఒక దేశంలో ఒక రకంగా, ఇంకో దేశంలో నాయిడూ అనేలా స్థిరపడింది. మీ ఇంటిపేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాసి చూడండి. అది మీ ముత్తాత పలికిన పేరా, గుమాస్తా విన్న పేరా?

కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉండేది. అక్కడి నుంచి ఓడ ఎక్కినవాళ్లు ఉన్నారు కాబట్టి తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. రేవు పేరు జనం పేరైపోయింది. కీలక పదం అంటే ఇదే. ఒక చిన్న గుర్తును పట్టుకుని మనిషి మొత్తానికి తగిలించడం.

తరగతిలో ఒక అమ్మాయి, మన ముత్తాతల గురించి సినిమాలున్నాయేమో చూస్తానని కూలీ అని కొట్టింది. రైల్వే స్టేషన్‌లో పెట్టెలు మోసేవాళ్ల సినిమాలు వచ్చాయి. 1991లో వెంకటేశ్ నటించిన కూలీ నెం.1 వాటిలో ఒకటి. తెలుగులో కూలి అంటే పనికి ఇచ్చే డబ్బు. ఆ డబ్బుకు పనిచేసే మనిషి కూలీ. అందులో తిట్టు లేదు. కూలి చేసుకుని బతికాం అని తలెత్తుకుని చెప్పేవాళ్లున్నారు. కానీ అదే మాట ఇంగ్లీషులోకి వెళ్లి దక్షిణాఫ్రికాలో భారతీయులందరికీ తిట్టుగా మారింది. డర్బన్‌లో పెద్దవాళ్ల ముందు ఆ మాట అని చూడండి. ముఖం మారిపోతుంది. మన రేవునూ ఒకప్పుడు కూలీ ఘాట్ అనేవారు. తర్వాత ఆప్రవాసీ ఘాట్ అని పేరు మార్చారు. 2006లో ఆ కొత్త పేరుతోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

తర్వాత ఆ అమ్మాయి వేరే దారిలో వెతికింది. చెరకు తోటల సినిమాలు కొన్ని దొరికాయి. వాటి మీద బానిసత్వం అని ఉంది. కొన్ని నిజంగా బానిసల కథలే. కొన్ని ఒప్పందపు కూలీల కథలు. మారిషస్‌లో రెండు చరిత్రలూ ఉన్నాయి. బానిసత్వం 1835లో రద్దయింది. తప్పించుకున్న బానిసలు దాక్కున్న ల మోర్న్ కొండ 2008లో యునెస్కో జాబితాలో చేరింది. మనవాళ్లు ఒప్పందం మీద వచ్చారు, చాలామంది మోసపోయి వచ్చారు, వచ్చి కష్టాలు పడ్డారు. అయినా వాళ్లను అమ్మలేదు, కొనలేదు. రెండు కథలనూ ఒకే మాట కింద పెడితే ఇద్దరికీ అన్యాయమే. బానిసలుగా వచ్చినవాళ్ల బాధ తగ్గిపోతుంది. ఒప్పందం మీద వచ్చినవాళ్ల కథ కనబడకుండా పోతుంది.

మన మాటలూ తక్కువేం కాదు

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. తెలుగు పేర్లన్నీ మంచివి, ఇంగ్లీషు పేర్లన్నీ చెడ్డవి అని కాదు. సాంఘికం అనే మాట కూడా ఒక పెద్ద గోనెసంచి. మాలపిల్ల అందులోనే, అత్తాకోడళ్ల తగాదా అందులోనే.

ఫ్యాక్షన్ అనే మాట చూడండి. ఇంగ్లీషులో దాని అర్థం ముఠా, వర్గం. తెలుగులో అదొక సినిమా రకమైపోయింది. రాయలసీమలో రెండు కుటుంబాల పగ, బాంబులు, కొడవళ్లు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర పెద్ద విజయాలు సాధించాక ఇలాంటివి వరసగా వచ్చాయి. రాయలసీమ అనగానే రక్తం గుర్తుకు రావడం అక్కడివాళ్లకు బాధ కలిగించింది. అన్నమయ్య పుట్టిన సీమ అది, వేమనను తమవాడని చెప్పుకునే సీమ అది. ఆ మాటను తగిలించింది బయటివాళ్లు కాదు, మనవాళ్లే.

అంటే తప్పు భాషది కాదు. తగిలించే ముందు ఆగి ఆలోచించకపోవడమే తప్పు.

మా నోటుపుస్తకం

ఈ చిక్కు గురించి మనకన్నా ముందు ఆలోచించినవాళ్లు లైబ్రేరియన్లు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ క్లాసిఫికేషన్ అనే పద్ధతిని ప్రచురించారు. అంతకు ముందు పద్ధతుల్లో ఒక పుస్తకాన్ని ముందే తయారుచేసిన ఒక గడిలో పెట్టేవారు. రంగనాథన్ వేరేలా ఆలోచించారు. పుస్తకాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. ముఖ్యమైన విషయం ఏది? దేనితో సంబంధం? ఏం జరుగుతోంది? ఎక్కడ? ఎప్పుడు? ఆ జవాబులను వరసగా కలిపితే అదే ఆ పుస్తకం చిరునామా.

మేం అదే దారి పట్టాం. శనివారం తరగతిలో ఒక నోటుపుస్తకం పెట్టాం. ప్రతి సినిమాకూ ఒక పేజీ, ఐదు ప్రశ్నలు. పాతాళ భైరవి పేజీ ఇలా ఉంది.

రకం: జానపదం.
ఎవరు: తోటమాలి కొడుకు, రాకుమారి, మాంత్రికుడు.
ఏం జరుగుతుంది: బలి ఇవ్వబోయినవాడే బలి అవుతాడు.
ఎక్కడ: ఉజ్జయిని, గుహ.
ఎప్పుడు: రాజుల కాలం, సంవత్సరం చెప్పలేదు.

కీలక పదాలు రాయడానికి పిల్లలే మూడు నియమాలు పెట్టుకున్నారు. మొదటిది: ఆ మాట తీసేస్తే కథ నిలవకూడదు. సినిమాలో ఒకచోట వాన పడినంత మాత్రాన వాన కీలక పదం కాదు. రెండోది: తెలుగు మాట ముందు రాయాలి, తర్వాతే ఇంగ్లీషు మాట. మేనరికం పక్కన కజిన్ అని ఉంటే తప్పులేదు, వెతికేవాళ్లకు అదే దారి చూపిస్తుంది. మేనరికం లేకుండా కజిన్ మాత్రం ఉండకూడదు. మూడోది: ఆ మాట ఎవరినైనా నొప్పిస్తుందా అని ఒకసారి అడగాలి. నొప్పించే మాటే నిజమైతే, ఎందుకు రాశామో ఒక వాక్యంలో చెప్పాలి.

ఆ పేజీల్లో నుంచి కొన్ని మాటలను డేటాబేస్‌కు కూడా పంపుతున్నాం. కొన్ని తీసుకున్నారు. కొన్ని తిప్పి పంపారు. జానపదాన్ని ఒక రకంగా చేర్చమని మేం అడిగితే ఫాంటసీ ఉంది కదా అన్నారు. మళ్లీ రాశాం. ఆ పట్టికలు కొంతమంది అభిమానులు రాసినవే కాబట్టి ఇంకొంతమంది అభిమానులు మార్చగలరు. ఓపిక కావాలి, అంతే.

మీరూ ఒక పేజీ రాయవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక సినిమా గురించి అడగండి. పేరు గుర్తులేకపోయినా పర్వాలేదు. వాళ్లు చెప్పిన మాటలు వాళ్లు చెప్పినట్టే రాసుకోండి. అవి ఏ పట్టికలోనూ లేవు. వాళ్లతోపాటే పోతాయి.

ఆ ఆదివారం

సినిమా పేరు తెలిసిన ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ మంచం దగ్గర టీవీ పెట్టాం. తరగతి పిల్లల్లో ఐదుగురు వచ్చారు. నలుపు తెలుపు బొమ్మ చూసి మొదట గుసగుసలాడారు. ఎస్.వి. రంగారావు మాంత్రికుడిగా కనిపించగానే చప్పుడు ఆగిపోయింది.

నాయనమ్మ కళ్లు ఆర్పకుండా చూసింది. ముందు జరగబోయేది రెండు మూడుసార్లు మాకు చెప్పేసింది. బలి ఘట్టం వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. అయిపోయాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు నేను నోటుపుస్తకం తీసి మేం రాసినది చదివి వినిపించాను. తోటమాలి కొడుకు, రాకుమారి, మాంత్రికుడు.

"అమ్మ లేదేం?" అంది.

"ఏ అమ్మ, నాయనమ్మా?"

"రాముడి అమ్మ. కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది కదా. అది రాయండి."

వెనక బల్ల అబ్బాయి పెన్ను తీశాడు. 'ఎవరు' అనే ప్రశ్న కింద నాలుగో మాటగా 'ఎదురుచూసే అమ్మ' అని రాశాడు. ఆ మాట మరే జాబితాలోనూ నాకు కనిపించలేదు.

ఇప్పుడు నాయనమ్మ చేతికర్రతో నడుస్తోంది. మా తరగతి పిల్లలు ఒకరినొకరు డింభకా అని పిలుచుకుంటున్నారు. ఆ సినిమాలో మాంత్రికుడు శిష్యుణ్ణి పిలిచే మాట అది. దాన్ని ఏ రకంలో పెట్టాలని నేను ఇంకా అడగలేదు.